రెండూళ్ల పేర్లు రాసుకో

అమ్మాయీ,

నేను పనిచేసిన సబ్‌సెంటర్‌కే నీకు పోస్టింగ్ రావడం సంతోషం. చెవి పరీక్షలో ‘రెఫర్’ (పాస్ కాలేదు, మళ్లీ చూడాలి) అని వచ్చిన పసిపిల్లల్ని చివరిదాకా ఎలా వెంబడించాలని అడిగావు కదా. ఫార్మాట్ నీ ఫోన్‌లోనే ఉంటుంది. అందులో పట్టని సంగతులు రాస్తున్నా.

ప్రతి బిడ్డకూ పుట్టినూరు, మెట్టినూరు రెండూ రాసుకో. మన ఆదోని వైపు తొలికాన్పు పుట్టింట్లోనే. మూడో నెలలోనో ఐదో నెలలోనో తల్లీబిడ్డల్ని అత్తగారింటికి పంపుతారు. మన లెక్కేమో 1, 3, 6: నెలలోపు మొదటి పరీక్ష, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు వినికిడి మిషన్. అంటే అసలు పరీక్ష చేయించాల్సిన రోజుల్లోనే ఆ అమ్మాయి ఊరు మారుతుంది. ఇక్కడి ఏఎన్ఎం ‘ఊర్లో లేరు’ అని రాస్తుంది, అక్కడామె రిజిస్టర్‌లో ఆ బిడ్డ పేరే ఉండదు.

ఒక బిడ్డ విషయంలో నేనూ అట్లే రాశాను. తల్లి సిరుగుప్ప దగ్గర పల్లెకు కాపురానికి పోయింది. కర్ణాటక మనది కాదు కదా అని గీత గీసేశాను. మూడేళ్లు నిండాక అంగన్‌వాడీలో కూర్చోబెడితే తేలింది, ఆ పిల్లవాడికి ఒక్క మాట కూడా రాలేదని. వాళ్లమ్మ నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఫోన్ నంబరు భర్తది ఒక్కటే తీసుకుంటే లాభం లేదు. సుగ్గికి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయినప్పుడు సిమ్ మారిపోతుంది. ఊర్లో ఉండిపోయే అవ్వ నంబరు తీసుకో. అవ్వకు ఫోన్ లేకుంటే పక్కింటివాళ్లది. సుగ్గికి ఎప్పుడు పోతారో, ఉగాదికి వస్తారో లేదో ముందే అడిగిపెట్టుకో.

‘రెఫర్’ అంటే చెవుడు అని చెప్పి టెన్షన్ పెట్టొద్దు. పుట్టిన ఒకటి రెండు రోజుల్లో చెవిలో తడి ఉన్నా అట్లే వస్తుంది. ‘ఏం లేదులే’ అని కూడా అనొద్దు, అన్నావంటే మళ్లీ రారు. ‘ఇంకోసారి చూడాలి, ఫలానా రోజు’ అని తేదీ చెప్పు. ఐసీయూలో ఐదు రోజులకు మించి ఉన్న బిడ్డ, కామెర్లకు రక్తం మార్చిన బిడ్డ, మెదడు వాపు వచ్చిన బిడ్డ మొదటి పరీక్ష పాసైనా జాబితాలోంచి తీసేయకు. మామూలు చెవి పరీక్షకు దొరకని నరాల లోపం వీళ్లలో ఉండొచ్చు, చెవి నరం పనిచేస్తోందో లేదో చూసే బెరా పరీక్ష చేయించాల్సిందే.

ఇంట్లో అవ్వలు పళ్లెం మోగించి చూపిస్తారు, ‘చూడు, తిరిగింది’ అని. గాలి కదిలినా, చేయి కనబడినా బిడ్డ తిరుగుతుంది. వినబడని పిల్లలు కూడా మొదటి నెలల్లో ఊ కొడతారు. ‘వాళ్ల నాయనకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అంటారు. వాదించకు, బస్సు టైము చెప్పు. మేనరికం వల్ల వచ్చిందేమో అన్న మాట అత్త ముందు ఎత్తొద్దు, నిందంతా కోడలి మీదే పడుతుంది.

కర్నూలుకు బెరా కోసం పోయేరోజు బిడ్డను దారిలో నిద్రపోనివ్వొద్దని, అక్కడికి పోయాకే పాలు పట్టమని చెప్పు. నిద్రలో ఉంటేనే పరీక్ష అవుతుంది. బస్సులో హాయిగా నిద్రపోయి ఆసుపత్రిలో కళ్లు తెరిచాడంటే ఆ రోజు కూలి పోయినట్టే, మళ్లీ పోవాలి.

మిషన్ ఇచ్చినంత మాత్రాన పేరు కొట్టేయకు. సగం మిషన్లు ట్రంకుపెట్టెలోనే ఉంటాయి. పసిచెవి త్వరగా పెరుగుతుంది, చెవిలో పెట్టే మిషన్ అచ్చు వదులై కుయ్యిమంటుంది, అమ్మ తీసి దాచేస్తుంది. ఇంటికి పోయినప్పుడు ‘ఎట్లుంది’ అని కాదు, ‘మిషన్ చూపించు’ అని అడుగు. బ్యాటరీ పిల్లలకు అందకుండా పెట్టమని ప్రతిసారీ చెప్పు, మింగితే ప్రాణం మీదికి వస్తుంది.

నా పాత నోటుబుక్కు ఇంట్లోనే ఉంది. ఆదివారం వచ్చి తీసుకుపో. వెనక పేజీల్లో సరిహద్దు అవతలి ఆశా కార్యకర్తల నంబర్లున్నాయి. కొన్ని కలవకపోవచ్చు, కలిసినవాటికి నా పేరు చెప్పు.