రష్యా వెళ్ళే ముందు అమ్మలుకి

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. మీ ఆసుపత్రి వాళ్ళు రష్యాలో ఒక జిల్లా ప్రసూతి ఆసుపత్రితో కలిసి పనిచేయబోతున్నారట, పసిపిల్లల వార్డులో శిక్షణ పని నీకు అప్పగించారట. నాకు చాలా గర్వంగా ఉంది. ఆ మాట ముందే చెప్పేస్తున్నా, ఎందుకంటే కింద చీవాట్లు కూడా ఉన్నాయి.

వోల్గోగ్రాద్‌లో చదువుకున్నదానివి, చలి గురించీ భాష గురించీ నీకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. పెద్దవాళ్ళని పేరుకి తండ్రి పేరు కలిపి పిలవడం మర్చిపోకు. ఫిల్టర్లూ ట్యూబులూ అక్కడ దొరకని యంత్రం ఏదీ విరాళంగా పట్టుకెళ్ళకండి. పాత లెక్కలు తెర మీద వేసి 'మీ దగ్గర శిశు మరణాలు ఎలా పెరిగాయో చూడండి' అని మాత్రం అనకు. 2011లో వెయ్యికి 7.4 ఉన్న రేటు 2012లో 8.6 అయింది, నిజమే. కానీ ఆ ఏడాదే వాళ్ళు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణాలకు మారారు, 22 వారాలకే 500 గ్రాములతో పుట్టిన బిడ్డను కూడా లెక్కలోకి తెచ్చారు. చాలావరకు ఆ పెరుగుదల అందువల్లే. అది తెలియకుండా మాట్లాడితే మొదటి రోజే నీ మాట వినడం మానేస్తారు.

ఇక నాకు రాత్రి నిద్ర పట్టనివ్వని సంగతి.

సోవియట్ యూనియన్ పోయాక, 1992 నుంచి, అమెరికా ఆసుపత్రులూ రష్యా ఆసుపత్రులూ జోడీలుగా పనిచేయడం మొదలైంది. విస్కాన్సిన్‌లోని లా క్రాస్ వాళ్ళు మాస్కో దగ్గరి దుబ్నా వాళ్ళతో కలిసి చేశారు. మేమూ అలాంటి పని మీదే వెళ్ళాం. అప్పట్లో చాలా రోద్దోమ్‌లలో, అంటే వాళ్ళ ప్రసూతి ఆసుపత్రుల్లో, తల్లి ఒక గదిలో, బిడ్డ ఇంకో గదిలో. బిడ్డను కదలకుండా బిగించి చుట్టి, మూడు గంటలకోసారి తోపుడు బండి మీద వరసగా పెట్టి పాలకు తెచ్చేవాళ్ళు, రాత్రి అదీ లేదు. తండ్రి మంచులో కిటికీ కింద నిలబడి అరిస్తే, తల్లి పైనుంచి బిడ్డను ఎత్తి చూపించేది.

మాకంటే ముందు ఒక ఊరికి ఇంకో బృందం వెళ్ళింది. ఊరి పేరు రాయను. వాళ్ళు చెప్పినవన్నీ మంచివే: బిడ్డను తల్లి పక్కనే ఉంచండి, పుట్టగానే తల్లి ఒంటికి ఆనించండి, భర్తని కాన్పు గదిలోకి రానివ్వండి. కుర్ర డాక్టర్లు ఉత్సాహంగా అన్నీ ఒకేసారి మార్చేశారు. అయితే ఆ ఆసుపత్రిని కట్టిపడేసే శానిటరీ నియమాలు, అంటే ఇన్‌ఫెక్షన్లు రాకుండా పెట్టిన పరిశుభ్రత నియమాలు, ఆ బృందంలో ఒక్కరూ చదవలేదు. లోపలికొచ్చే భర్తకు ఛాతీ ఎక్స్‌రే కాగితం ఉండాలని కూడా వాళ్ళకి తెలియదు. కొన్ని వారాలకి ఇద్దరు ముగ్గురు పిల్లలకు చర్మం మీద చీముపొక్కులు వచ్చాయి. తనిఖీ అధికారులు వచ్చారు, కాగితాలు అడిగారు, లేవు. తప్పంతా కొత్త పద్ధతి మీదికి వెళ్ళింది. వార్డు పెద్ద డాక్టరమ్మకు రాతపూర్వకంగా మందలింపు ఇచ్చారు. పిల్లల గది మళ్ళీ తెరిచారు, తలుపుకి తాళం వేసి మరీ. సలహా ఇచ్చినవాళ్ళు అప్పటికే ఇంటికి చేరారు, సంతకం పెట్టిన మనిషి మాత్రం అక్కడే ఉంది. మేము వెళ్ళేసరికి ఆవిడ ఏం మాట్లాడలేదు, సొరుగులోంచి ఆ కాగితం తీసి మా ముందు పెట్టింది. అన్నిటికన్నా బాధ ఏమిటంటే, ఆ మధ్య కాలంలో పుట్టిన పిల్లలందరూ మళ్ళీ తల్లికి దూరంగా ఆ గదిలోనే గడిపారు.

మేము ఈసారి వార్డులో కాకుండా, ఆ నియమాలు చూసుకునే శానిటరీ డాక్టరుతో మొదలుపెట్టాం. తల్లి దగ్గరున్న బిడ్డకు అంటేది తల్లి ఒంటి మీది క్రిములు, వాటికి విరుగుడు తల్లి పాలలోనే ఉంటుంది. పిల్లలందరినీ ఒకే గదిలో ఉంచితే ఆసుపత్రి క్రిమి ఒక బిడ్డ నుంచి ఇంకో బిడ్డకు చేతుల మీదుగా పోతుంది. ఇది ఓపిగ్గా చెప్పాం. సీనియర్ మిడ్‌వైఫ్ తనే రెండు గదులు ఎంచింది. ప్రతి ఇన్‌ఫెక్షనూ వాళ్ళ రిజిస్టర్‌లో, వాళ్ళ చేతిరాతతోనే ఎక్కింది. ఆ లెక్కలు చూశాక గ్లావ్‌వ్రాచ్, అంటే ఆసుపత్రి పెద్ద డాక్టరు, ప్రికాజ్ మీద, అంటే అధికారిక ఉత్తర్వు మీద, సంతకం చేశాడు. శీతాకాలమంతా పట్టింది, పట్టనీ.

నీకు మీ నాన్నలాగే ముక్కు మీద కోపం. ఆ మిడ్‌వైఫ్‌లు బిడ్డను బిగించి చుడుతుంటే చూసి నలుగురిలో అరిచేస్తావేమోనని నా భయం. మన ఇళ్ళలో ముర్రుపాలు పిండి పారబోసిన అమ్మమ్మలు లేరూ? బిడ్డకు చెడు కోరి చేశారా వాళ్ళు? పక్కకి పిలిచి, ఎందుకలా చేస్తున్నారని అడుగు, చెప్పేదంతా విను, ఆ తర్వాతే నీది చెప్పు.

ఇంకోటి. పెర్మ్‌లో, వెలీకీ నోవ్‌గోరద్‌లో 1999 నుంచి అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ యుఎస్‌ఎయిడ్ డబ్బుతో తల్లీబిడ్డల ప్రాజెక్టు నడిచింది. 2012లో రష్యా ప్రభుత్వం అక్టోబర్ 1కల్లా వెళ్ళిపొమ్మంటే యుఎస్‌ఎయిడ్ ఆ దేశంలో మొత్తం పని మూసుకుంది. మీదీ ఏ రోజైనా ఆగిపోవచ్చు. కాబట్టి నువ్వు నేర్పేది ఏదైనా వాళ్ళలోనే ఒకరు ఇంకొకరికి నేర్పగలగాలి, మొదటి నెల నుంచే. అందులోనూ రాత్రి డ్యూటీ వాళ్ళను వదిలేయకు. శిక్షణలన్నీ పగలు పెడతారు, ఊపిరి తీయని బిడ్డ మాత్రం తెల్లవారుజామున పుడుతుంది, అప్పుడు ఒక్క మిడ్‌వైఫే ఉంటుంది. బిడ్డకు ఊపిరి అందించే బ్యాగూ మాస్కూ ఆవిడ చేతికి అలవాటయ్యేదాకా నువ్వూ రాత్రిళ్ళు ఉండు. దూరపు పల్లెల్లో డాక్టరు లేని చోట వైద్యం చూసే ఫెల్షర్‌లని కూడా పిలిపించు. కాన్పు కష్టమవుతుందని ముందు కనిపెట్టి బండి ఎక్కించాల్సింది వాళ్ళే.

సరిగ్గా తిను బంగారం. నీరసంగా ఉన్నప్పుడు నీకు కోపం రెట్టింపవుతుంది, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

ఆ ఆసుపత్రి ప్రికాజ్‌లు తెప్పించుకుని ఆదివారం ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని చదువుదాం. నీ ప్రెజెంటేషన్ కూడా పంపు, ఎక్కడ తొందరపడ్డావో గుర్తులు పెట్టి తిప్పి పంపుతాను.

పెద్దమ్మ