నీటి రంగును బట్టే లూర్ రంగు

ప్రశ్న: ఋషికొండ సముద్ర తీరంలో బాగా పనిచేసిన నీలి వీపు, వెండి పక్కల మిన్నో (చిన్న చేప ఆకారంలో ఉండే లూర్, అంటే చేపలు పట్టే ఉత్తుత్తి ఎర), వానలు పడ్డాక భీమిలి దగ్గర గోస్తనీ నది సముద్రంలో కలిసే మొగలో ఒక్క పండుగప్ప చేపనూ తేలేదు. రంగు మార్చాలా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: మార్చాలి. తేట సముద్రపు నీటిలో ఎరుపు కొన్ని మీటర్ల లోతుకే మాసిపోతుంది, నీలం అన్నిటికంటే లోతుకు వెళ్తుంది. ఏటి నీటిలో ఇది తిరగబడుతుంది. ఒండ్రు, కుళ్లిన ఆకుల రసం నీలాన్ని ముందే మింగేస్తాయి. పసుపు, ఆకుపచ్చ కాస్త మిగులుతాయి. మీ నీలి వీపు అక్కడ మసిగా కనిపించింది, వెండి పక్కలకు తిప్పికొట్టడానికి వెలుగే అందలేదు.

ముందు తెల్ల లూర్‌ను దారంతో నిలువుగా దించి, ఎక్కడ కనుమరుగవుతుందో చూడండి. మీటరు దాటి కనిపిస్తే మీ పాత మిన్నో చాలు. అర మీటరు నుంచి మీటరు లోపైతే ఫ్లోరొసెంట్ నిమ్మపచ్చ, లేదా బంగారు పక్కలు, నారింజ పొట్ట ఉన్నది కట్టండి. ఫ్లోరొసెంట్ రంగు తన మీద పడిన వెలుగును పసుపుపచ్చగా మార్చి వదులుతుంది, అందుకే మబ్బు పూట కూడా తేలిగ్గా కనబడుతుంది. అర మీటరు కూడా కనిపించకపోతే నలుపే మేలు. దాన్ని చేప కింది నుంచి నీడలా చూస్తుంది. లోపల గోళీలు గలగలలాడే రకం తీసుకోండి. చేప ఒంటి పక్కనున్న గీత ఆ కదలికను పసిగడుతుంది. దారాన్ని నెమ్మదిగా చుట్టి, మధ్యమధ్య రెండు సెకన్లు ఆపండి. చాలామంది రంగు మార్చి, చుట్టే వేగం మాత్రం తగ్గించరు. మసక నీటిలో చేపకు లూర్ దొరక్కుండా పోయేది ఎక్కువగా అందుకే.

పోటు ఎక్కేటప్పుడు తేటనీరు, ఎర్రనీరు కలిసే గీత స్పష్టంగా తెలుస్తుంది. మొగ మధ్యలోకి కాకుండా ఆ గీత వెంబడే విసరండి.

ప్రశ్న: ఒడ్డు నుంచి పొద్దున్న, సాయంత్రం ఒకే రంగు వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, మధురవాడ

జవాబు: వద్దు. మన సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. లూర్ ఒడ్డుకు వస్తుంటే, వెనక తరిమే పార చేపకు సూర్యుడు వీపు వైపున ఉంటాడు, లూర్ మీద వెలుగు నేరుగా పడుతుంది. కాబట్టి ఎండ వచ్చాక కవళ్ల చేపల రంగు, వెండి మెరుపు. సాయంత్రం వెలుగు కొండల వైపు నుంచి, లూర్ వెనక నుంచి వస్తుంది. మెరుపు కనబడదు, ఆకారమే కనబడుతుంది. ముదురు ఊదా, నలుపు కట్టండి. తెల్లవారకముందూ అంతే.

ప్రశ్న: నా తెల్ల రబ్బరు లూర్లకు ఎర్ర మరకలు పడ్డాయి, ఎందుకు?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఎర్రవాటితో కలిపి ఒకే పెట్టెలో పెట్టి ఉంటారు. మెత్తటి ప్లాస్టిక్‌లో రంగు ఒకదాన్నుంచి ఇంకోదానికి పాకుతుంది, మరక ఇక పోదు. ఒక్కో రంగుకు ఒక్కో సంచి పెట్టండి. గట్టి లూర్లతో అసలు కలపొద్దు, వాటి పెయింట్‌ను ఇవి కరిగిస్తాయి.