రంగు చెడిన రోజే సరిచేయకు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్ చేసి అంతా చెప్పింది. మొదటి జీతంతో హైదరాబాద్‌లో పెద్ద సెలూన్‌కు పోయి రంగు వేయించుకున్నావట, అది ఇటుక రంగుకు తిరిగిందట, ఈ ఆదివారం హాస్టల్ గదిలో నువ్వే బ్లీచ్ కలుపుకుని సరిచేసుకుంటావట. నీ పైసలు నీ నెత్తి మీద నీకు నచ్చినట్టు ఖర్చు పెట్టుకున్నందుకు నాకు లోపల సంబరంగానే ఉంది. మా రోజుల్లో మీ నాయినను అడగకుండా రిబ్బన్ కూడా కొనేవాళ్ళం కాదు. కానీ ఆదివారం సంగతి విన్నప్పటి నుంచి నాకు నిద్ర పడితే ఒట్టు. ఆ డబ్బా మూత తీయకు.

నువ్వు పంపిన ఫోటో చూశాను. కుదుళ్ళ దగ్గర నారింజ, చివర్లు నలుపు. ఇంటర్‌లో ఉన్నప్పుడు నల్ల మెహందీ ప్యాకెట్లు తెగ పెట్టుకున్నావు కదా, ఆ వెంట్రుకే ఇంకా నీ జడ చివరన ఉంది. వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు, మహా అయితే కొంచెం ఎక్కువ పెరుగుతుంది. అంటే నడుము దగ్గరున్నది ఏండ్ల కిందటిది. రంగు మీద రంగు వేస్తే కింది రంగు తేలికపడదు, అందుకే చివర్లు కదల్లేదు. కుదుళ్ళలో ఏ రంగూ లేదు, పైగా తల వేడికి మందు అక్కడ తొందరగా పని చేసింది. మన నల్ల వెంట్రుక తేలికపడేటప్పుడు ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు బయటికొస్తాయి. నీది మధ్యలో ఆగింది, అంతే. మెహందీ సంగతి వాళ్ళు నిన్ను అడిగారా? అడగలేదని మీ అమ్మ అంది. ఆ ఒక్క ప్రశ్న అడగని చోట నేనైతే కుర్చీలో కూర్చోను.

ఇంకో మాట. ఆ ప్యాకెట్లలో కొన్నింట్లో లోహపు లవణాలు కలుపుతారు. వాటి మీద బ్లీచ్‌లో కలిపే పెరాక్సైడ్ పడితే వెంట్రుక వేడెక్కి తెగిపోవచ్చు. చివర నుంచి చిన్న పాయ కత్తిరించి, ముందు దాని మీద వేసి చూడాలి. ఒంటరిగా అద్దం ముందు నిలబడి చేసే పని కాదిది.

మీ చిన్నత్త సంగతి నీకు ఎవరూ సరిగా చెప్పి ఉండరు. మిర్యాలగూడలో ఆమె తోటికోడలు కొడుకు పెళ్ళి. ముందు రోజు పొద్దున ఒక పార్లర్‌లో రంగు వేయించుకుంది. బర్గండీ అన్నారు, తీరా చూస్తే పచ్చి నారింజ. చుట్టాలంతా దిగుతున్నారు, ఎవరో నవ్వారు. ఇక ఆగలేదు. ఆ సాయంత్రమే కిరాణా కొట్టు నుంచి నల్ల రంగు ప్యాకెట్లు తెప్పించి పక్కింటామె చేత పూయించుకుంది. నేను నా పార్లర్ పని మీద దేవరకొండలో ఇంకో పెళ్ళికూతురి ముస్తాబుకు పోయి ఉన్నాను. అప్పుడు సెల్‌ఫోన్లు లేవు, నన్ను అడుగుదామన్నా దారి లేదు. తెల్లారేసరికి నెత్తంతా మంట, చెవుల వెనక నీరు కారే పొక్కులు, రెప్పలు ఉబ్బి కండ్లు తెరవలేకపోయింది. తలంబ్రాల వేళకు ఆమె ఆసుపత్రి బెంచీ మీద పట్టుచీర కొంగు తడిపి కండ్లకు అద్దుకుంటూ కూర్చుంది. ఆ కొంగుకు నల్ల మరక అలాగే ఉంది. ఆ చీర కట్టదు, ఎవరికీ ఇవ్వదు.

నల్ల రంగులో ఉండే పీపీడీ అనే మందు ఆమెకు పడలేదని డాక్టర్ చెప్పాడు. అంతకుముందు ఎన్నోసార్లు వేసుకుంది, ఏమీ కాలేదు. తిరకాసు అక్కడే ఉంది. నిన్నటిదాకా పడింది రేపు పడకపోవచ్చు, ఒకసారి పడకపోయాక మళ్ళీ ముట్టుకోకూడదు. కొన్ని నెలలకు ఆ నలుపు తీసేయాలని ఇంకోచోట బ్లీచ్ చేయించుకుంది. తల తడిపి దువ్వెన పెడితే చివర్లు సాగి, పుటుక్కున తెగి చేతికొచ్చేవి. చివరికి భుజాల దాకా నేనే కత్తిరించాను. "అక్కా, ఇంకా కత్తిరించు, దీన్ని చూడలేను" అంది. నీ కండ్లు అచ్చం ఆమెవే. అందుకే ఇంత గొంతు చించుకుంటున్నా, కోపం అనుకోకు.

ఇప్పుడు చేయాల్సింది విను. బిల్లు, పగటి వెలుతురులో తీసిన ఫోటో పట్టుకుని ఆ సెలూన్‌కే పో. లొల్లి పెట్టకు, అక్కడి సీనియర్‌ను పిలవమను. ఏ షేడ్ నంబర్ వేశారో, డెవలపర్, అంటే రంగులో కలిపే పెరాక్సైడ్ మందు, ఎంత శాతమో రాయించుకో. దాని సీసా మీద 20 వాల్యూమ్ అని ఉంటే 6 శాతం, 30 అంటే 9, 40 అంటే 12. ఆ 12 శాతాన్ని కుదుళ్ళకు తగలనివ్వకు. "ఇప్పుడే మళ్ళీ బ్లీచ్ చేసేద్దాం" అంటే లేచి వచ్చేయ్. కనీసం 2 వారాలు ఆగాలి. నువ్వు పోవాల్సిన పెళ్ళికి ఇంకా నెల ఉంది కదా, టెన్షన్ ఎందుకు?

నారింజను అణిచేది నీలం, పసుపును అణిచేది ఊదా. అందరూ ఊదా షాంపూ కొని, నారింజ పోలేదని తిట్టుకుంటారు. నీకు బ్లీచ్ అక్కర్లేదు. అమ్మోనియా లేని బ్రౌన్, ఆష్ (బూడిద ఛాయ) కలిసినది, ఒక మెట్టు ముదురుగా కుదుళ్ళకు వేస్తే చాలు. చివర్లు నాలుగు వేళ్ళంత కత్తిరించు. నలుపు జోలికి మాత్రం పోకు, వేయడం ఒక పూట పని, తీయడం ఏడాది. ఏది వేసినా 48 గంటల ముందు మోచేతి మడతలో కొంచెం రాసి చూసుకోవాలి. చూడకుండా వేశావని తెలిస్తే నీతో మాట్లాడను.

కెరాటిన్ చేయిస్తే అన్నీ సెట్ అవుతాయని అంటారు. అది నునుపు తెస్తుంది తప్ప రంగును సరిచేయదు. కొన్ని రకాలు వేడి చేసినప్పుడు ఫార్మాల్డిహైడ్ వాయువు వదులుతాయి, కండ్లు మండుతాయి.

నీ హాస్టల్‌లో బోరు నీళ్ళేనా? బకెట్ అంచున తెల్ల పొర కడుతుందా, షాంపూ నురగ రాదా? అయితే రంగు పాలిపోవడానికి అదీ ఒక కారణం. నల్లగొండ వాళ్ళం కాబట్టి నీళ్ళు అనగానే ఫ్లోరైడ్ అంటాం, కానీ అది పళ్ళకూ ఎముకలకూ చేటు. జుట్టును మొద్దుబార్చేది నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం. ఇనుము ఎక్కువున్న నీళ్ళయితే రంగు ఎర్రబారుతుంది. చివరి చెంబు మాత్రం ఫిల్టర్ నీళ్ళు పోసుకో.

నమ్మకమైన మనిషిని వెతకడానికి రేటింగ్ చుక్కలు చూడకు. ముందు ఉత్త ట్రిమ్మింగ్‌కు పోయి చూడు, పెద్ద ఖర్చు కాదు. ఆమె నీ జుట్టును వేళ్ళతో పట్టి చూస్తుందా, ఇంతకుముందు ఏం వేశావని అడుగుతుందా, ధర ముందే చెప్తుందా, ట్యూబ్ నీ ఎదురుగా విప్పుతుందా చూడు. బ్లీచ్ స్టీలు గిన్నెలో కలిపితే వద్దను, ప్లాస్టిక్‌దో గాజుదో ఉండాలి. మనలాంటి నల్ల జుట్టు మీద, రెండు మూడు తలస్నానాల తర్వాత రంగు ఎలా ఉందో ఫోటోలు అడుగు. అన్నింటికన్నా, "ఇది ఒక్కరోజులో కాదు" అని నీ పైసలు వదులుకునేదాన్ని నమ్ము.

అక్కడ ఎవరూ కుదరకపోతే నల్లగొండ రా. నా దగ్గర పని నేర్చిన పిల్ల రామగిరిలో పార్లర్ నడుపుతోంది. మాట కటువు, చేయి మంచిది. పెళ్ళిళ్ళ సీజన్ కాబట్టి ఆమెకు ముందే చెప్పాలి. వచ్చేదీ లేనిదీ శుక్రవారం లోగా ఫోన్ చేసి చెప్పు.

మీ అత్త