పులస, మడ, మూసీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నది సముద్రంలో కలిసే చోటు గురించే. శాస్త్రవేత్తలు దాన్ని ఎస్చురీ అంటారు, గోదావరి జిల్లాల్లో ‘మొగ’ అంటారు. పొట్టి మాట కాబట్టి మేమూ అదే వాడుతున్నాం.

ప్రశ్న: రామ్‌నగర్ చేపల మార్కెట్లో ‘గోదావరి పులస’ అని వేలల్లో ధర చెబుతున్నారు. అసలుదేనని ఎలా తెలుస్తుంది? ఏటికేడు ఎందుకు తగ్గిపోతోంది?
– ఓ గృహిణి, విద్యానగర్

జవాబు: పైకి చూసి తేల్చడం కష్టం. సముద్రంలో ఉన్నంతకాలం విలస, నదిలోకి ఎక్కాక పులస. జాతి ఒకటే. ఒడిశా, బెంగాల్ నుంచి ఐసు పెట్టెల్లో వచ్చేదానికీ అదే ఆకారం, అదే వెండి పొలుసు. పుస్తెలు అమ్మే ముందు ఏ రేవులో పట్టారో అడగండి. సూటిగా జవాబు రాకపోతే విలస ధరే ఇవ్వండి.

తగ్గడానికి ముఖ్య కారణం నీళ్లే. వరద గోదారి ఎర్రనీరు మొగ దాటి సముద్రంలోకి పారితేనే ఆ చేపకు దారి తెలుస్తుంది. ఆ తీపినీటిని పట్టుకుని గుడ్లు పెట్టడానికి ఎదురీదుతుంది. వానలు ఆలస్యమై బ్యారేజీ గేట్లు ఎత్తకపోతే రాక కూడా ఆలస్యమే. వచ్చినదైనా ధవళేశ్వరం దాటి పోలేదు. అక్కడ అడ్డుకట్ట 1852 నుంచీ ఉంది. ఇక గుడ్లతో ఉన్నదాన్ని మొగలోనే వలేసి పట్టేస్తే మరుసటి తరం ఎక్కడిది?

ప్రశ్న: ప్రాజెక్టు కోసం నవంబరులో కాకినాడ దగ్గరి కోరింగ మడ అడవులకు వెళ్లాం. పడవలోంచి బకెట్‌తో తీసిన నీటిలో ఉప్పదనం వెయ్యికి 3 పాళ్లు, ఆక్సిజన్ లీటరుకు 7 మి.గ్రా. వచ్చింది. అదే రోజు అడుగున వేసిన వలల్లో పీతలు చచ్చి వచ్చాయని జాలర్లు చెప్పారు. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఎం.ఎస్సీ. విద్యార్థి, తార్నాక

జవాబు: మీ కొలతా, జాలర్ల మాటా రెండూ నిజమై ఉండొచ్చు. తీపినీరు తేలిక, ఉప్పునీరు బరువు. వరద తగ్గాక నది నీరు పైన పారుతుంటే, సముద్రపు నీరు అడుగున నాలుకలా లోపలికి చొచ్చుకొస్తుంది. ఈ రెండూ అంత తేలిగ్గా కలవవు. పై గాలిలోని ఆక్సిజన్ కిందికి దిగదు. అడుగున కుళ్లే మడ (ఉప్పునీటి బురదలో పెరిగే చెట్లు) ఆకులు ఉన్నదాన్ని తినేస్తాయి. బకెట్‌కి అందేది పై పొర మాత్రమే.

ఈసారి ఒక్కోచోట మూడు నమూనాలు తీయండి: పైన, మధ్యలో, అడుగుకి అర మీటరు ఎత్తులో. కావలసిన లోతులో మూతలు మూసుకునే నిస్కిన్ సీసా దొరికితే మంచిది. బరువు కట్టి దించి, రెండో తాడుతో బిరడా లాగే సీసా ఉప్పదనానికి సరిపోతుంది కానీ ఆక్సిజన్‌కి పనికిరాదు. నిండేటప్పుడు బుడబుడమని గాలి కలుస్తుంది. పోటు ఒకటి వచ్చి మళ్లీ పోటు రావడానికి సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి గంటకోసారి చొప్పున 13 గంటలు కొలవాలి. ఒక్కసారి కొలిచి ‘ఇదీ కోరింగ ఉప్పదనం’ అని రాస్తే పరీక్షకుడు ఊరుకోడు.

ఆక్సిజన్‌కి వింక్లర్ పద్ధతే నమ్మకం. 300 మి.లీ. సీసా అడుగుదాకా గొట్టం దించి, నీళ్లు పొంగి పొర్లేలా నింపండి. మాంగనస్ సల్ఫేట్ 2 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 2 మి.లీ. పిపెట్ మొన నీటిలో ముంచి వేయాలి. బిరడా పెట్టి పదిహేనుసార్లు తలకిందులు చేయండి. గోధుమరంగు మడ్డి వస్తే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు. ఆ తెలుపు పడవలోనే కనిపిస్తుంది, లెక్క తర్వాత. మడ్డి సగానికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 2 మి.లీ. వేస్తే కరిగి పసుపుపచ్చ అవుతుంది. అందులో 203 మి.లీ. తీసుకుని 0.025 నార్మల్ థయోసల్ఫేట్‌తో టైట్రేషన్ చేయండి, అంటే రంగు మారేదాకా చుక్కచుక్కగా కలపండి. లేత గడ్డిరంగు వచ్చాకే స్టార్చ్ వేయాలి, ముందే వేస్తే రంగు పూర్తిగా పోయే చివరి బిందువు జారిపోతుంది. ఖర్చయిన ప్రతి మి.లీ. లీటరుకు 1 మి.గ్రా. ఆక్సిజన్. 200 బదులు 203 ఎందుకంటే, మందులు వేసినప్పుడు 4 మి.లీ. నమూనా పొర్లిపోయింది.

తప్పులు ఎక్కువగా మూడుచోట్ల జరుగుతాయి. సీసాలో ఒక్క గాలిబుడగ మిగిలినా అంకె పెరుగుతుంది. హైదరాబాద్‌లో కలిపి తీసుకెళ్లిన థయోసల్ఫేట్ బలం తగ్గుతుంది, అక్కడే పొటాషియం డైక్రోమేట్‌తో సరిచూడాలి. మూడోది, నీరు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ పట్టుకోగలదో చెప్పే పట్టిక: 30 డిగ్రీల దగ్గర తీపినీరు గరిష్ఠంగా 7.6 మి.గ్రా. పట్టుకుంటే, సముద్రపు నీరు 6.2 మాత్రమే. అడుగు నీటికి తీపినీటి పట్టిక వాడి ‘ఆక్సిజన్ తక్కువ’ అనకండి.

ఉప్పదనానికి రిఫ్రాక్టోమీటర్ (నీటిలో వెలుతురు వంగే తీరును బట్టి ఉప్పు చెప్పే పరికరం) చాలు కానీ, వెయ్యికి 5 లోపు దాన్ని నమ్మలేం. అక్కడ నీటిలో కరెంటు ఎంత పారుతుందో కొలిచే కండక్టివిటీ మీటర్ వాడండి.

ప్రశ్న: మా కాలనీ యువకులం మడ మొక్కలు నాటాలనుకుంటున్నాం. ఏవి బతుకుతాయి?
– రామంతపూర్

జవాబు: మొక్క కంటే చోటు ముఖ్యం. మడ లేని ఖాళీల్లో చాలావాటికి పోటు నీరు అందదు. నిలిచిన నీరు ఎండి, ఉప్పు సముద్రాన్ని మించిపోతుంది. అందుకే గోదావరి, కృష్ణా డెల్టాల్లో చేప ముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, ముందు ఉప్పు కడిగాకే నాటారు. ఉప్పు పొన్న పెన్సిల్ లాంటి కాయను నేరుగా బురదలో గుచ్చొచ్చు, నల్ల మడను సంచుల్లో పెంచి తేవాలి. వలస పక్షులు మేసే బురద మైదానాల జోలికి పోకండి. కోరింగ అభయారణ్యం కాబట్టి అక్కడ అటవీశాఖ అనుమతి తప్పనిసరి.

ప్రశ్న: మా మూసీ మురుగు సముద్రందాకా పోతుందా?
– చాదర్‌ఘాట్

జవాబు: దారి మాత్రం ఉంది. మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది, తర్వాత పులిచింతల, ప్రకాశం బ్యారేజీ, ఆపైన మొగ. పటాన్‌చెరు వైపు నీళ్లు నక్కవాగు, మంజీర మీదుగా గోదావరికి పోతాయి. అంటే మన హైదరాబాద్ రెండు మొగలకూ ఎగువనే ఉంది. మట్టికి అంటుకున్న మలినం చాలావరకు జలాశయాల్లోనే దిగిపోతుంది, నైట్రేట్ లాంటి కరిగినవి మాత్రం ముందుకు పోగలవు.

అయినా మా దృష్టిలో మొగకి పెద్ద దెబ్బ మురికి కాదు, అసలు నీరే రాకపోవడం. 2001–04 కరువేళ్లలో కృష్ణ నుంచి సముద్రానికి దాదాపు ఏమీ పోలేదు. అప్పుడు ఉప్పునీరే లోపలికి ఎగబాకుతుంది. నీటితోపాటు ఒండ్రూ ఆగింది: గోదావరి తెచ్చే ఒండ్రు 1970లతో పోలిస్తే 1990ల నాటికి సగానికి పైగా తగ్గిపోయింది. డెల్టా అంచును ఏటా అల కోస్తూనే ఉంటుంది, ఆ కోతను పూడ్చాల్సిన మట్టి ఎగువ జలాశయాల అడుగున పేరుకుంటోంది.