కిల్ట్ కొనేముందు వెనక్కి తిప్పి చూడు

చిన్నా,

నిన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన దగ్గర్నుంచీ మనసంతా దాని మీదే ఉంది. స్కాట్లాండ్‌లో ఇన్వర్నెస్‌లో నీ పెళ్ళి, అమ్మాయి తరఫు మగవాళ్ళంతా కిల్ట్‌లలో, అదే నడుముకి చుట్టుకునే కుచ్చిళ్ళ గళ్ళ లంగా లాంటి వాళ్ళ సంప్రదాయపు బట్టల్లో వస్తారు, నువ్వు కూడా అద్దెకి తెచ్చుకోకుండా సొంతంగా ఒకటి కుట్టించుకుందామనుకున్నావు, చాలా సంతోషం. కానీ ఆ తర్వాత ఇక్కడి రాయల్ మైల్ వీధిలో షాపు బయట వేలాడదీసినవి చూసి "అత్తా, అరవై పౌండ్లకే వస్తోంది, చూడ్డానికి అచ్చం అలాగే ఉంది" అన్నావు చూడు, అక్కడే నాకు టెన్షన్ పట్టుకుంది. పద్దెనిమిదేళ్ళు ఈ ఎడింబరోలో కిల్ట్‌లు కుట్టే చోట సూది పట్టుకుని కూర్చున్నాను, మా ఇంటి పిల్లాడు ఆ గుడ్డ చుట్టుకుని పెళ్ళిపీట దాకా వెళ్తానంటే ఊరుకోలేను. అందుకే ఇంత పెద్ద ఉత్తరం. ఓపిగ్గా చదువు.

ధర చూసి మంచిదో కాదో తేల్చకు. చేత్తో కుట్టిన మంచి కిల్ట్ అయిదారు వందల పౌండ్లకి తక్కువ రాదు, అది నిజమే. కానీ అంత పోసి కొన్నవాటిలో కూడా నాసిరకం పని నా కళ్ళారా చూశాను. ముందువైపు చూసి కూడా తేల్చకు, అది చదునుగా ఉండే గుడ్డే కదా, ఎవరు చేసినా బాగానే కనిపిస్తుంది. కిల్ట్ చేతికివ్వగానే వెనక్కి తిప్పు, ఆ తర్వాత లోపలికి తిరగెయ్యి. పనితనమంతా ఆ రెండు చోట్లే ఉంటుంది.

సరే, ముందు గుడ్డ సంగతి చెప్తాను. నిజమైన కిల్ట్ గుడ్డ వర్‌స్టెడ్ ఊలు, అంటే దువ్వి బిగుతుగా వడికిన ఊలు దారంతో నేసింది, దగ్గరగా చూస్తే నేతలో ఏటవాలు గీతలు కనిపిస్తాయి. బరువు ఔన్సుల్లో చెబుతారు, గజానికి 10, 11 ఔన్సులంటే తేలిక రకం, 13 మధ్యరకం, 16 బరువైనది. నన్నడిగితే 16 తీసుకో. మోయడానికి బరువేమోనని భయపడకు, ఆ బరువు వల్లే కుచ్చిళ్ళు కిందికి నిటారుగా దిగుతాయి, నడిచినప్పుడు ఊగి మళ్ళీ వాటి చోటికి అవే వచ్చేస్తాయి, ఇన్వర్నెస్ గాలికి పైకి లేవకుండా ఉంటాయి. ఎండాకాలం పెళ్ళి, ఉక్క పోస్తుందనుకుంటే 13, అంతకు దిగకు. షాపులో ఒక మూల పట్టుకుని గుప్పిట్లో గట్టిగా నలిపి వదిలెయ్. ఊలు కాసేపట్లో తేరుకుంటుంది. బయట వేలాడే చవక రకాలు చాలావరకు ఆక్రిలిక్కో పాలీ విస్కోసో, కుచ్చిళ్ళ గీత రెండుసార్లు కట్టేసరికి మాసిపోతుంది.

తర్వాత కింది అంచు పట్టుకుని చూడు. మంచి కిల్ట్‌కి కింద మడిచి కుట్టిన కుట్టు ఉండదు. మగ్గం మీద వచ్చిన అంచే కిల్ట్‌కి కింది అంచు, మన చీర అంచులాగే, కత్తెర పడదు. మీ తాతయ్య చీరాలలో గుంట మగ్గం మీద గళ్ళ రుమాళ్ళ గుడ్డ నేసేవాడు, అప్పట్లో అక్కణ్ణుంచి ఆఫ్రికా దాకా వెళ్ళేది ఆ సరుకు. ఎవరు గుడ్డ తెచ్చి చూపించినా ఆయన వేళ్ళు ముందు అంచు మీదికే పోయేవి, పేక దారం చివర ఎలా తిరిగిందో తడిమి చూసేవాడు. ఇక్కడికొచ్చాక మొదటి రోజు టార్టాన్, అంటే కిల్ట్‌కి వాడే గళ్ళ గుడ్డ, థాను విప్పినప్పుడు నా చెయ్యి కూడా తెలియకుండా అక్కడికే వెళ్ళింది. అంచు వదులుగా అలలు అలలుగా ఉంటే ఆ గుడ్డ కిల్ట్‌కి పనికిరాదు, కింద ఎంత ఇస్త్రీ చేసినా గీత తిన్నగా రాదు.

పెద్దవాళ్ళ కిల్ట్‌కి ఎనిమిది గజాలు పడుతుందంటారు కదా, నిజానికి అది పెద్ద పన్నా గుడ్డ నాలుగు గజాలు. మధ్యకి నిలువునా కోసి, ఆ రెండు ముక్కల్నీ కలిపి ఎనిమిది చేస్తారు. అంటే అలా చేసిన ప్రతి కిల్ట్‌లోనూ ఎక్కడో ఒక అతుకు ఉంటుంది, అది తప్పు కాదు. అది ఎక్కడుందో వెతుకు. ఒక మడత లోతులో, పైకి కనపడని చోట, గళ్ళు గీతకి గీత కలిసి ఉండాలి. అతుకు దగ్గర గళ్ళు తప్పిపోయి ఉంటే, ఎలాగూ ఎవరూ చూడరులే అనుకుని కుట్టారన్నమాట, మిగతా చోట్ల కూడా అలాగే అనుకుని ఉంటారు.

ఇక వెనకవైపు. దీనికి కాస్త ఎక్కువసేపు పడుతుంది.

వెనకంతా కుచ్చిళ్ళే, గళ్ళ పరిమాణాన్ని బట్టి పాతిక ముప్ఫై దాకా ఉంటాయి. వాటిని రెండు రకాలుగా మడుస్తారు. మడిచాక కూడా వెనక గళ్ళు చెక్కుచెదరకుండా ముందువైపులాగే కనిపించేది ఒక పద్ధతి, సెట్‌కి మడవడం అంటారు. ఒకే రంగు గీత ప్రతి కుచ్చిలి మధ్యలో నిలబడేలా మడిచేది రెండోది, సైన్యం వాళ్ళు ఎక్కువగా వాడేది. ఏదైనా మంచిదే, నీ ఇష్టం. చూడాల్సింది అడ్డగీతల్ని. ఎడమ చివర ఒక అడ్డగీత మీద వేలు పెట్టి, కుడి చివరదాకా మెల్లగా జరుపుకుంటూ పో. ఒక్క మడత దగ్గర కూడా ఆ గీత మెట్టులా ఎక్కకూడదు, దిగకూడదు. తర్వాత నడుము నుంచి పిరుదుల దాకా కుట్టిన భాగం, ఇక్కడివాళ్ళు ఫెల్ అంటారు, దాన్ని చూడు. పిరుదుల దగ్గర వెడల్పుగా ఉన్న కుచ్చిలి నడుము దగ్గరికొచ్చేసరికి సన్నబడాలి, అన్నీ సమానంగా సన్నబడాలి, అలా సన్నబడుతూ కూడా గళ్ళ నమూనా చెడకూడదు.

దీనికెంత పని పడుతుందో లెక్క చెప్తాను. నడుము 34 అంగుళాలు, పిరుదులు 40 అనుకో. సుమారుగా సగం ముందుకి, సగం వెనక్కి, అంటే వెనక కుచ్చిళ్ళకి నడుము దగ్గర 17, పిరుదుల దగ్గర 20. 27 కుచ్చిళ్ళుంటే ఒక్కొక్కటీ కింద ముప్పావు అంగుళం, పైన అంగుళంలో పది వంతులు చేస్తే ఆరు వంతుల పైన కొంచెం. తేడా అంగుళంలో పదో వంతు, అంతే. ఆ కాస్తని ప్రతి మడతలోనూ చేత్తో కుట్టుకుంటూ రావాలి. నేను నేర్చుకునే రోజుల్లో స్టువర్ట్ అనే ఒక ఎర్ర టార్టాన్ గుడ్డ మీద ప్రతి కుచ్చిలికీ పదహారో వంతు వదులుగా కుట్టాను. కంటికి ఏమీ తెలియలేదు, ఒక్కొక్కటీ చక్కగానే ఉంది. చివరికి టేపు పెడితే నడుము అంగుళంన్నర పైగా ఎక్కువొచ్చింది, 27 సార్లు పేరుకుంది కదా. నా పక్కన కూర్చునే పెద్దావిడ ఏమీ అనకుండా చిన్న కత్తెర నా చేతికిచ్చింది. మూడు రోజుల పని, మొత్తం విప్పాను. ఆ రోజు నుంచి ఏ కిల్ట్ చూసినా నా కళ్ళు ముందు ఫెల్ మీదికే వెళ్తాయి.

కుట్లు బయటికి కనపడకూడదు. మడత అంచుని వేళ్ళతో కొంచెం విడదీసి చూస్తే దగ్గర దగ్గరగా సన్నటి కుట్లు కనిపించాలి, వదిలేస్తే గుడ్డలో కలిసిపోవాలి. బ్లాక్ వాచ్ టార్టాన్ లాంటి నలుపు, నీలం, ఆకుపచ్చ కలిసిన ముదురు రంగైతే షాపు దీపాల కింద తప్పులు తెలియవు, సిగ్గుపడకుండా గుమ్మం దగ్గర వెలుతుర్లోకి తీసుకెళ్ళి చూడు. మంచి పనివాళ్ళు దానికేమీ అనుకోరు.

ఇప్పుడు లోపలికి తిరగెయ్యి. ఫెల్ దగ్గర అన్ని కుచ్చిళ్ళూ పొరలు పొరలుగా మిగిలిపోతే నడుము చుట్టూ బొద్దుగా తయారవుతుంది, అందుకని లోపలి వైపు ఎక్కువ గుడ్డని కోసేస్తారు. కోశాక అక్కడ బలం పోతుంది కదా, ఆ బలం కోసం లోపల కాన్వాస్ వేసి చేత్తో కుడతారు, దాని మీద నూలు లైనింగ్. తోలు పట్టీల లాగుడంతా ఆ కాన్వాస్ మీద పడాలి, ఊలు మీద కాదు. ఒకసారి ఒక కుర్రాడు నడుము కొంచెం వదులు చెయ్యమని తన కిల్ట్ తెచ్చాడు, వేరే చోట బాగానే డబ్బు పోసి కొన్నది. లైనింగ్ విప్పి చూస్తే కాన్వాస్ లేదు. ఇస్త్రీతో అంటించిన పల్చటి కాగితం లాంటి ముక్క, సగం ఊడిపోయి ఉంది. బకిల్ లాగిన చోటల్లా కోసిన కుచ్చిళ్ళ అంచులు దారాలు దారాలుగా విడిపోతున్నాయి. అది కట్టుకుని వాడు వెళ్ళింది నాలుగైదు పెళ్ళిళ్ళకే, తిరిగి నిలబెట్టడానికి నాకు కొత్తది కుట్టినంత పనైంది. అందుకే లైనింగ్ మీద నుంచే వేళ్ళతో నొక్కి చూడు, లోపల గట్టిగా, స్ప్రింగులా తగలాలి. లోపల ఏముందని అడుగు. కాన్వాస్ అని వెంటనే చెప్పలేకపోతే అక్కడ కొనకు.

ముందువైపు ఏప్రన్‌లని రెండు చదును భాగాలు ఒకదాని మీద ఒకటి పడతాయి. అక్కడ ముఖ్యంగా చూడాల్సింది, వేసుకుని నిలబడినప్పుడు లోపలి ఏప్రన్ మూల పై ఏప్రన్ కింద నుంచి తొంగి చూడకూడదు. పై ఏప్రన్ మధ్యలో గళ్ళ నమూనా కూడా సరిగ్గా మధ్యకి రావాలి. పట్టీలు మామూలుగా మూడు, ఎడమవైపు పట్టీ గుడ్డలో ఉన్న కాజా లోంచి బయటికొస్తుంది, ఆ కాజా కుట్టు దట్టంగా ఉందో లేదో చూడు.

కొలతల విషయంలో నీ ప్యాంటు సైజు చెప్పకు, ప్లీజ్. ప్యాంటు నువ్వు కిందికి కడతావు, కిల్ట్ బొడ్డు దగ్గర నిలబడుతుంది, రెండిటికీ సంబంధం లేదు. నడుము, పిరుదులు, బొడ్డు దగ్గర నుంచి మోకాలి చిప్ప మధ్య దాకా పొడవు, ఈ మూడూ వేరేవాళ్ళు కొలవాలి, నువ్వు పొట్ట లోపలికి పట్టకుండా మామూలుగా నిలబడాలి. కుట్టాక వేసుకుని మోకాళ్ళ మీద కూర్చో, అంచు నేలకి కొంచెం పైన ఉండాలి. నిలబడితే కుచ్చిళ్ళు మూసుకుని ఉండాలి, నిలబడినప్పుడే విచ్చుకుంటున్నాయంటే పిరుదుల దగ్గర బిగుతుగా కుట్టారని అర్థం, ఎంత ఇస్త్రీ చేసినా అది పోదు.

ఏ టార్టాన్ అని అడిగావు. ఇక్కడ చాలా ఇంటిపేర్లకి వాళ్ళదంటూ ఒక టార్టాన్ గళ్ళ నమూనా ఉంటుంది. మన ఇంటిపేరుకి టార్టాన్ లేదు కాబట్టి బ్లాక్ వాచ్ నిరభ్యంతరంగా వేసుకోవచ్చు, కానీ ముందు మీ మామగారిని అడుగు, వాళ్ళ టార్టాన్ వేసుకోమంటే వేసుకో. 1746 చట్టంతో స్కాట్లాండ్ కొండ ప్రాంతమైన హైలాండ్స్‌లో మగవాళ్ళకి ఈ బట్టలు నిషేధించారు, 1782 దాకా ఎత్తెయ్యలేదు, అలాంటి బట్టని వాళ్ళు ఊరికే సరదాకి వేసుకోరు. ఆయన నీ వెనకవైపు తప్పకుండా చూస్తాడు.

ఇప్పుడే ఆర్డరిస్తే రెండు మూడు నెలలు పట్టొచ్చు, ఆలస్యం చెయ్యకు. ఇంటికి వచ్చినప్పుడు కుచ్చిళ్ళ మీద అడ్డంగా తెల్లటి కచ్చా కుట్లు ఉంటాయి, మడత చెదరకుండా వేసినవి. వాటిని నువ్వు లాగొద్దు, దారం ఊలుని పట్టుకు లాగేస్తుంది. అలాగే నా దగ్గరికి తీసుకురా, అక్కడక్కడా తెంపి మెల్లగా తీసేస్తాను, తడిగుడ్డ వేసి ఒకసారి నొక్కిస్తాను. ఈ ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చెయ్, గోంగూర చేస్తాను, తినకముందే నీ కొలతలు తీసుకుంటాను.

మీ అత్త