చెక్ ఇంజిన్ లైట్ వెలిగితే మనమే విప్పుకోవచ్చా?

పదేళ్ల పెట్రోల్ కారు, ఇంజిన్ వణుకుతోంది, షెడ్డులో విప్పి చూడాలంటున్నారు, యూట్యూబ్ చూసి నేనే చేసుకోవచ్చా అని అడిగారు. విప్పడం వద్దండి. ఏం పాడైందో మాత్రం మీరే కనుక్కోండి. ఈ రెండూ నాకు వేరువేరు రోజుల్లో తెలిసొచ్చాయి.

నాదీ అలాంటి కారే. గుంటూరు నుంచి విజయవాడ వస్తుంటే కాజ టోల్‌గేట్ దాటాక పికప్ పడిపోయింది. బండి ఆపితే సీటుతో సహా ఊగుతోంది, చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటోంది. ఆ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇంటికి చేరొచ్చు. మిణుకుతోందంటే ఏదో సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా మండకుండానే బయటికి పోతోందని. అది పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి అక్కడ మండి దాన్ని పాడుచేస్తుంది. అప్పుడు బండి పక్కన ఆపేయాలి. నాకు తెలియక ఇంటిదాకా తోలేశాను, అదృష్టం బాగుండి ఏమీ కాలేదు.

షెడ్డులో కాసేపు చెవి పెట్టి విని, "బోరుకొచ్చిందండీ, 28 వేలవుతుంది" అన్నారు. బోరుకొస్తే, అంటే సిలిండర్ లోపల అరిగిపోతే, మామూలుగా నీలిపొగ రావాలి, ఆయిల్ తగ్గాలి. నా బండికి రెండూ లేవు. అనుమానమొచ్చి వెయ్యి రూపాయల్లోపు దొరికే బ్లూటూత్ స్కానర్ కొని, స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు పెట్టాను. ఫోన్లో పి0303 అనే లోపం కోడ్ వచ్చింది. చివరి అంకె సిలిండర్ నంబరు, అంటే మూడోది మిస్సింగ్ కొడుతోంది. ఇంజిన్ చల్లారాక రెండో సిలిండర్ కాయిల్ (ప్లగ్గుకు నిప్పురవ్వ కోసం కరెంటిచ్చేది), మూడో దాని కాయిల్ అటూఇటూ మార్చి, కోడ్ చెరిపేసి స్టార్ట్ చేస్తే ఈసారి పి0302. కాయిల్‌తోపాటే జబ్బూ జరిగిందన్నమాట! కొత్త కాయిల్‌కు రెండు వేలు కూడా కాలేదు. ప్రతి ప్లగ్గు మీదా విడి కాయిల్ ఉన్న బండ్లకే ఈ పరీక్ష కుదురుతుంది.

దాంతో నాకు కొమ్ములొచ్చాయి. ఆ ఆదివారమే ప్లగ్గులూ మార్చేద్దామని కూర్చున్నా. ఇంజిన్ ఇంకా వేడిగానే ఉంది, లోపల్నుంచి భోజనానికి పిలుస్తున్నారు. ఆఖరి ప్లగ్గు వంకరగా ఎక్కినట్టు అనిపించినా బలవంతంగా తిప్పేశాను. ప్లగ్గు ఎక్కే హెడ్ (ఇంజిన్ పైభాగం) అల్యూమినియం, ప్లగ్గు ఉక్కు. ఎవరు గెలుస్తారో చెప్పాలా? హెడ్‌లో మర చెడిపోయింది.

ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి బండిని కట్టి లాక్కెళ్లాం. అరవై దాటిన మనిషి. "ఎవరు బాబూ బిగించింది?" అన్నాడు. నేనేనన్నాను. ఇంకేమీ అనలేదు, అదే నయం. మర కోసే ట్యాప్ గాళ్లలో గ్రీజు నింపాడు, రజను సిలిండర్‌లో పడకుండా దానికే అంటుకోవాలని. మెల్లగా మర కోసి హెలికాయిల్ (చెడిన మర బదులు వేసే తీగచుట్ట) వేశాడు. తర్వాత కొత్త ప్లగ్గును పానా లేకుండా, ఉత్త ఎక్స్‌టెన్షన్ రాడ్డుతో వేళ్లతోనే అడుగుదాకా తిప్పి, అప్పుడు హ్యాండిల్ తగిలించి అర చుట్టు బిగించాడు. "వేళ్లకు రానిదాన్ని పానాతో రప్పించగూడదు బాబూ" అన్నాడు. ఆ వీడియోలన్నిట్లో ఈ సంగతి చెప్పినవాడు నాకు కనిపించలేదు.

ఇప్పుడు ఎయిర్ ఫిల్టర్, ఆయిల్, బ్యాటరీ టెర్మినళ్లు, (చల్లని ఇంజిన్ మీద) ప్లగ్గులు నావి. టైమింగ్ (వాల్వులూ పిస్టన్లూ కదిలే వేళల పొందిక), హెడ్ గ్యాస్కెట్, పెట్రోల్ లైను మేస్త్రీవి. టైమింగ్ తప్పితే చాలా ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కు కొట్టుకుని వంగిపోతాయి, అప్పుడు నిజంగానే ఇంజిన్ విప్పాలి.

మీరు ముందు కోడ్ చూడండి. కాయిళ్లు, ప్లగ్గులు మార్చి చూసినా కోడ్ అదే సిలిండర్‌లో ఉండిపోతే షెడ్డువాళ్లు చెప్పింది నిజం కావచ్చు. అప్పుడు కూడా విప్పకముందే కంప్రెషన్ టెస్ట్ (సిలిండర్‌లో ఒత్తిడి ఎంత నిలుస్తోందో కొలిచే పరీక్ష) చేయించి, ఏ సిలిండర్‌కు ఎంత వచ్చిందో కాగితం మీద రాయించుకోండి. కోడ్ ఏమొచ్చిందో ఇక్కడ రాస్తే చూస్తాను.