జరిమానా మీద వడ్డీ వేశారు, వెనక్కి వస్తుందా?

ప్రశ్న: అమ్మ ఆపరేషన్ వల్ల 2025లో మూడు హోమ్‌లోన్ ఈఎంఐలు ఆగాయి. తర్వాత అన్నీ కట్టేశాను. స్టేట్‌మెంట్‌లో జరిమానా 4,720 రూపాయలు వేసి, దానికీ వడ్డీ కలిపారు. వెనక్కి వస్తాయా సార్?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: కొంత రావాలమ్మా. 4,720 అనగానే నాకు అనుమానం వచ్చింది. 4,000కి 18 శాతం జీఎస్టీ కలిపితే సరిగ్గా అంతే! లోన్ షరతు తప్పినందుకు వేసే జరిమానాపై జీఎస్టీ లేదని 2025 జనవరిలోనే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు స్పష్టం చేసింది. జరిమానా మీద వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2023 ఆగస్టు 18 సర్క్యులర్‌లోనే ఉంది. అంటే ఆ 720, జరిమానా మీద వేసిన వడ్డీ వెనక్కి అడగండి. ఆ 4,000 మాత్రం అగ్రిమెంట్‌లో రాసి ఉంటే మర్చిపోండి. ఆగిన ఈఎంఐ మీద మామూలు వడ్డీ కూడా తప్పదు.

బ్రాంచిలో నోటిమాటతో సరిపెట్టుకోకండి. ముప్పయ్యేళ్లు కౌంటర్ లోపల కూర్చున్నవాణ్ణి, "చూస్తాంలెండి" అంటే ఏమిటో నాకు తెలుసు. స్టేట్‌మెంట్‌లో ఆ వరుసల కింద ఎర్ర పెన్నుతో గీత గీసి, ఉత్తరానికి జతచేసి ఇవ్వండి. మీ కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. లోన్ ఇచ్చింది బ్యాంకు కాక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీ అయితే నేషనల్ హౌసింగ్ బ్యాంక్‌కు రాయాలి.